ఓడలకు గ్యాస్ ఇంధనం: కిరాయి భారం గంజ్‌పై పడనీయరాదు

నిజాంసాగర్ ఆయకట్టులో మోస్రా, వర్ని, చందూరు ప్రాంతాలలో వరి కోసి తూకానికి తెచ్చే రైతుకు గాని, నిజామాబాద్ శ్రద్ధానంద్ గంజ్‌లో పసుపు కొమ్ముకు ధర కట్టే ఖరీదుదారుకు గాని, సముద్రం మీద పోయే ఓడ ఇంజన్‌లో ఏ ఇంధనం మండుతున్నదో తెలుసుకోవలసిన అవసరం ఇంతకాలం కలగలేదు. సరుకు లారీకెక్కి నవా షెవా రేవుకో, కాకినాడ రేవుకో బయలుదేరితే తమ పని తీరిందనుకోవడం ఇక్కడి వర్తకులకు అలవాటు. ఓడ కిరాయి ఎంత, అందులో ఇంధనం వంతు ఎంత అన్నది ముంబయి ఎగుమతిదారు చూసుకొనే లెక్కగానే ఉండిపోయింది.

ఇక మీదట ఈ అలవాటు చెల్లదు. ఓడలకు ఇంధనం మారుతున్నది. ఫర్నేస్ ఆయిల్ స్థానంలో ద్రవీకృత సహజవాయువు, అనగా ఎల్.ఎన్.జి., వాడే ఓడలు ఏటేటా పెరుగుతున్నవి. ఇంధనం మారినందువల్లనూ, పొగపై వచ్చిన కొత్త నిబంధనల వల్లనూ కిరాయి బిల్లులో కొత్త పద్దులు చేరుతున్నవి. ఆ పద్దుల సొమ్ము చివరకు ఎవరి జేబులో నుంచి పోతుందన్నదే వర్తకులు ఆలోచించవలసిన విషయం. గ్యాస్ వల్ల కలిసివస్తే ఓడ యజమానికి, కలిసిరాకపోతే సరుకుదారుకు అన్న పద్ధతి పాతుకుపోక ముందే నిజామాబాద్ వర్తకులు తమ ఒప్పందాలలో ఇంధన చార్జీని సరుకు ధర నుంచి విడదీసి వ్రాసుకోవడం అవసరం.

గ్యాస్ ఓడ ఎక్కిన వైనం

సహజవాయువును మైనస్ 162 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లబరిస్తే ద్రవంగా మారి, దాని పరిమాణం సుమారు 600వ వంతుకు తగ్గిపోతుంది. ఈ ద్రవాన్ని ఒక దేశం నుంచి మరొక దేశానికి మోసే ట్యాంకర్లు 1960ల నుంచే తిరుగుతున్నవి. దారిలో కొంత ద్రవం ఆవిరవుతుంది. ఆ ఆవిరిని వృథా పోనీయక ఇంజన్‌కే వాడుకోవడం ట్యాంకర్లకు పాత పద్ధతి. అయితే గ్యాస్ మోయని ఓడ గ్యాస్‌తో నడవడం 2000లో నార్వేలో గ్లూట్రా అనే రేవుపడవతో మొదలయింది.

చాలాకాలం అది నార్వే దేశానికే పరిమితమైన వింతగా ఉండిపోయింది. దానిని పెద్ద ఓడల దాకా తెచ్చింది గంధకంపై వచ్చిన నిబంధన. 2020 జనవరి 1 నుంచి ఓడ ఇంధనంలో గంధకం నూటికి అర వంతుకు మించరాదని అంతర్జాతీయ నౌకా సంస్థ కట్టడి చేసింది. అంతకు ముందు నూటికి మూడున్నర వంతుల దాకా అనుమతి ఉండేది. ఎల్.ఎన్.జి.లో గంధకం దాదాపు ఉండదు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఫ్రెంచి కంపెనీ సి.ఎం.ఎ. సి.జి.ఎం. 23,000 కంటెయినర్లు పట్టే జాక్ సాదే అనే ఓడను గ్యాస్ ఇంజన్‌తో సేవలో ప్రవేశపెట్టింది. దాని గ్యాస్ ట్యాంకు ఒక్కటే 18,600 ఘనమీటర్లు. 2024 చివరకు ఎల్.ఎన్.జి.తో నడిచే ఓడలు ప్రపంచంలో 600 దాటినవి.

డెన్మార్క్ కంపెనీ మెర్స్క్ ధోరణి ఇక్కడ గమనించదగినది. ఎల్.ఎన్.జి.ని కాదని మిథనాల్ వైపు మొగ్గిన ఈ కంపెనీ 2023లో లారా మెర్స్క్ అనే మిథనాల్ ఓడను ప్రవేశపెట్టింది. 2024 డిసెంబరు నాటికి అదే కంపెనీ ఎల్.ఎన్.జి. ఇంజన్లతో ఓడలకు ఆర్డర్లు ఇచ్చింది. వందల కోట్ల డాలర్లు పెట్టే కంపెనీలకే రేపటి ఇంధనం ఏదో తేలలేదన్నమాట. అటువంటప్పుడు ఏదో ఒక ఇంధనాన్ని నమ్మి ఏడాది పొడుగునా ఒకే కిరాయి ఉంటుందని సరుకు ధర చెప్పడం గంజ్ వర్తకునికి క్షేమం కాదు.

రెండు ఇంధనాల ఇంజన్

ఎల్.ఎన్.జి. ఓడలన్న పేరే గాని వీటిలో చాలా భాగం రెండు ఇంధనాలతోనూ నడవగలిగినవి. గ్యాస్ చౌకగా ఉన్న నాడు గ్యాస్, ప్రియమైన నాడు నూనె. ఈ ఏర్పాటు ఎందుకో గత ధరలు చూస్తే తెలుస్తుంది. 2020 వేసవిలో ఆసియా మార్కెట్‌లో ఎల్.ఎన్.జి. తక్షణ ధర పది లక్షల బి.టి.యు.కు 2 డాలర్ల కంటే దిగువకు పోయింది. రష్యా, ఉక్రెయిన్ యుద్ధం వచ్చిన 2022లో అదే ధర 70 డాలర్లు దాటింది. రెండేళ్లలో ఇంత తేడా పసుపు మార్కెట్‌లో గాని, మిర్చి మార్కెట్‌లో గాని ఎవరూ చూసి ఎరుగరు. 2022లో రెండు ఇంధనాల ఓడలు అనేకం గ్యాస్ మానివేసి నూనెకు మళ్లినవి.

ఓడ యజమానికి ఇది తెలివైన ఏర్పాటే. అయితే సరుకుదారు వైపు నుంచి చూస్తే లెక్క మరొక విధంగా కనిపిస్తుంది. కిరాయి బిల్లులో బంకర్ సర్దుబాటు చార్జీ అనే పద్దు ఉంటుంది. ఇది సాధారణంగా తక్కువ గంధకం గల నూనె ధరను బట్టి కట్టేది. పలు కంపెనీలు మూడు నెలలకొకసారి దీనిని సవరిస్తాయి. ఓడ ఆ ప్రయాణంలో నూనె కంటే చౌకగా గ్యాస్ కాల్చినప్పటికీ నూనె లెక్కన కట్టిన చార్జీ తగ్గదు. గ్యాస్ ప్రియమై ఓడ నూనెకు మళ్లినప్పుడూ నూనె చార్జీ ఎలాగూ పడుతుంది. ఇంధనం ఎంచుకొనే హక్కు ఓడవానిది కాగా, నూనె ధర హెచ్చుతగ్గుల భారం సరుకుదారుది అవుతున్నది.

అదనపు ఖరీదుతో ఇంజన్ కట్టించి, అతిశీతల ట్యాంకుకు ఓడలో చోటు వదులుకున్న యజమాని ఆ సొమ్ము తిరిగి రాబట్టుకోవాలని చూడడం తప్పు కాదు. వ్యాపారంలో ఎవరి పెట్టుబడికి వారు ప్రతిఫలం కోరుతారు. కాని ఆ ప్రతిఫలం ఏ పద్దు కింద, ఎంత వసూలవుతున్నదో తెలుసుకొనే హక్కు బిల్లు కట్టే వానికి ఉన్నది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఇక్కడ తిరగబడింది. పెట్టె ఓడ ఎక్కేదాకా సరుకుదారు మల్లయ్య గారు. ఎక్కిన తరువాత వచ్చే చార్జీల కాగితం మీద ఆయనకు మాట చెల్లదు.

యూరప్ లెక్కలు

పొగ చార్జీల సంగతి ఇంతకంటే చిక్కైనది. యూరప్ రేవులకు వచ్చిపోయే పెద్ద ఓడలు తాము వదిలిన బొగ్గుపులుసు వాయువుకు పర్మిట్లు కొని అప్పగించాలన్న నిబంధన 2024లో మొదలయింది. 2024లో వదిలిన వాయువులో నూటికి 40 వంతులకు, 2025లో వదిలిన దానిలో 70 వంతులకు, 2026 నుంచి నూటికి నూరు వంతులకు పర్మిట్లు చూపాలి. నవా షెవా నుంచి రోటర్‌డాం వంటి ప్రయాణానికి మొత్తం వాయువులో సగాన్ని లెక్కకు తీసుకుంటారు. దీనికి తోడు 2025 జనవరి 1 నుంచి ఫ్యూయెల్ ఇ.యు. అనే మరొక చట్టం అమలులోకి వచ్చింది. ఓడ వాడే శక్తి యూనిట్‌కు వెలువడే వాయువును 2020 ప్రమాణం కంటే 2025లో నూటికి 2 వంతులు, 2030లో 6 వంతులు, అలా పెంచుకుంటూ 2050 నాటికి 80 వంతులు తగ్గించాలన్నది దాని సారాంశం.

ఎల్.ఎన్.జి. కాల్చితే బొగ్గుపులుసు వాయువు నూనె కంటే సుమారు నాలుగో వంతు తక్కువగా వస్తుంది. ఇంతవరకు గ్యాస్ ఓడదే పైచేయి. అయితే ఎల్.ఎన్.జి.లో అత్యధిక భాగం మీథేన్. ఇంజన్‌లో పూర్తిగా మండక గొట్టం గుండా బయటకు పోయే మీథేన్ నూరేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 నుంచి 30 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్ల పైన వేడి పుట్టిస్తుంది. ఇది ఇంజన్ రకాన్ని బట్టి మారుతుంది. యూరప్ చట్టం లెక్కకు తీసుకొనే ప్రమాణం ప్రకారం ఒక రకం ఇంజన్‌లో మండకుండా పోయే గ్యాస్ నూటికి 0.2 వంతు కాగా, మరొక రకంలో 3.1 వంతులు. 2026 నుంచి పర్మిట్ల లెక్కలోనూ మీథేన్ చేరింది. కనుక గ్యాస్ ఓడ అని చెప్పినంత మాత్రాన పొగ చార్జీ తక్కువ పడుతుందని బ్రోకర్లు సరుకుదారుకు హామీ ఇవ్వడం తొందరపాటు. ఏ ఇంజన్, ఏ ప్రయాణం అన్నది తెలిస్తే తప్ప ఆ మాటకు విలువ లేదు.

క్వింటాలుకు ఎంత?

ఇదంతా గంజ్ ధరలో ఎంత అన్న ప్రశ్న సహజం. ఉదాహరణకు ఒక కంటెయినర్‌లో 15 టన్నులు, అనగా 150 క్వింటాళ్ల పసుపు ఎక్కినదనుకుందాం. ఆ పెట్టెపై ఇంధనం, పొగ పేరుతో అదనంగా 100 డాలర్లు పడితే, డాలరు 90 రూపాయల లెక్కన క్వింటాలుకు 60 రూపాయలు అవుతుంది. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022-23లో 1.534 లక్షల టన్నుల పసుపు, పసుపు ఉత్పత్తులు ఎగుమతి కాగా వచ్చిన విలువ 20 కోట్ల 74 లక్షల డాలర్లు. సగటున టన్నుకు సుమారు 1,350 డాలర్లు. ఆ ధరపై చూస్తే 100 డాలర్ల చార్జీ నూటికి అర వంతు మాత్రమే.

అర వంతే కదా అని కొట్టివేయడానికి వీలులేదు. పోటీ గట్టిగా ఉన్న రోజున ఖరీదుదారుకు క్వింటాలుపై మిగిలేది కూడా పదుల రూపాయలలోనే ఉంటుంది. కిరాయితో కలిపి ధర చెప్పి, మూడు నెలల తరువాత సరుకు ఎక్కించే ఎగుమతిదారు ఈ 60 రూపాయలను ముందే అనుమానించి 100 రూపాయలుగా వేసుకుంటాడు. ఆ నూరు తగ్గించుకొని ముంబయి నుంచి నిజామాబాద్‌కు కొనుగోలు ధర పంపుతాడు. ఖరీదుదారు దానిని చూసి గంజ్‌లో ధర కడతాడు. అడ్తిదారు రైతుకు నచ్చచెబుతాడు. ఓడ మీద పడిన చార్జీ ఇంకా పడక మునుపే ఆర్మూరు, బాల్కొండ రైతు కల్లంలో కోతగా మారుతుంది. తీరా ఆ చార్జీ పడకపోతే తిరిగి ఇచ్చే వారెవరూ ఉండరు. ఇందులో ఎవరిదో దురుద్దేశమని అనడానికి లేదు. లెక్క తెలియని చోట ప్రతి చేయీ కొంత భద్రత చూసుకుంటుంది. ఆ భద్రతలన్నీ కలిసి చివరి వానిపై పడతాయి.

2023 చివర నుంచి ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు జరిగినప్పుడు ఇదే విషయం పెద్ద ఎత్తున అనుభవానికి వచ్చింది. 2024లో యూరప్ పోయే ఓడలు అనేకం సూయజ్ కాలువ విడిచి ఆఫ్రికా దక్షిణాగ్రం చుట్టి వెళ్లినవి. దారి పెరిగితే ఇంధనం పెరుగుతుంది, ఇంధనం పెరిగితే పొగ లెక్క కూడా పెరుగుతుంది. కిరాయి కలిపి ధర ఒప్పుకున్న వారు నష్టపోగా, ఓడ దరి ధరకు, అనగా ఎఫ్.ఓ.బి. పద్ధతిన, అమ్మిన వారు చాలావరకు తప్పించుకోగలిగారు.

యూరప్ గొడవ మనకెందుకన్న వాదం

పసుపు ప్రధానంగా కొనేది బంగ్లాదేశ్, ఎమిరేట్స్, అమెరికా, మలేషియా కదా, యూరప్ నిబంధనలతో మనకు పనేమిటని కొందరు వర్తకులు అంటున్నారు. ఈ వాదంలో కొంత బలం లేకపోలేదు. బంగ్లాదేశ్‌కు భూమార్గం ఉన్నది. గల్ఫ్ ప్రయాణం చిన్నది, యూరప్ పర్మిట్ల లెక్క దానికి వర్తించదు. ఈ బేరాలకు ఎవరైనా పొగ చార్జీ అడిగితే ఎందుకని ప్రశ్నించడం వర్తకుని హక్కు కూడాను.

అయితే రెండు సంగతులు మరువరాదు. మొదటిది, జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమై, దాని ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌కే వచ్చింది. 2030 నాటికి పసుపు ఎగుమతులను 100 కోట్ల డాలర్లకు చేర్చాలన్నది కేంద్రం పెట్టుకున్న లక్ష్యం. 2022-23 విలువతో పోలిస్తే ఇది దాదాపు అయిదు రెట్లు. ఇరుగుపొరుగు దేశాలకు కొమ్ము పసుపు పంపినంత మాత్రాన ఈ లక్ష్యం నెరవేరదు. శుభ్రపరచిన సరుకు, పొడి, సారం కొనే యూరప్, అమెరికా మార్కెట్లను పట్టవలసి ఉంటుంది. రెండవది, ప్రపంచంలోని ఓడలన్నిటికీ వర్తించే పొగ నిబంధనలను అంతర్జాతీయ నౌకా సంస్థ 2025 ఏప్రిల్‌లో సూత్రప్రాయంగా ఆమోదించింది. అదే ఏడాది అక్టోబరులో అమెరికా ప్రభృతుల వ్యతిరేకత మధ్య వోటింగు జరిగి, తుది నిర్ణయం ఒక ఏడాది వాయిదా పడింది. వాయిదాను రద్దుగా భావించి బేరాలు కుదుర్చుకోవడం వివేకం కాదు.

బియ్యం బేరాలు

పసుపుకంటే బియ్యానికి కిరాయి పోటు ఎక్కువ. బరువు ఎక్కువ, విలువ తక్కువ అయిన సరుకు అది. 2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి తెలంగాణ బియ్యం 12,500 టన్నులు ఫిలిప్పీన్స్‌కు బయలుదేరినవి. అవి ఎం.టి.యు. 1010 రకం బియ్యం. అంత సరుకుపై టన్నుకు ఒక్క డాలరు కిరాయి పెరిగితే 12,500 డాలర్లు.

ఈ తరహా చిన్న ఓడలలో గ్యాస్ ఇంజన్ అరుదు. ఆంధ్ర తీరంలో గంగవరం, కాకినాడలలో ఎల్.ఎన్.జి. దింపుడు కేంద్రాలకు ప్రతిపాదనలు వచ్చినవే గాని, దహేజ్, కొచ్చి, ఎన్నోర్, ధామ్రా వలె అవి ఆచరణకు రాలేదు. కనుక బియ్యం బేరంలో చూడవలసినది ఓడ అద్దె పద్ధతి. ప్రయాణం లెక్కన ఓడను మాట్లాడితే ఇంధనం ఓడ యజమాని ఖర్చు. రోజుల లెక్కన తీసుకుంటే ఇంధనం అద్దెదారు నెత్తిన పడుతుంది. ఈ తేడా మిల్లరు మొదలు బ్రోకరు వరకు తెలిసి ఉండడం మంచిది. మోస్రా వంటి చోట్ల మిల్లులకు పోయే ధాన్యం ధర రేవు దగ్గర ఒక డాలరు తేడాతో కూడా కదిలే రోజులు ఎగుమతులు పెరిగిన కొద్దీ దగ్గరపడతాయి.

బోధన్ చెప్పే పాఠం

ఒకే మేతకు కట్టుబడిన యంత్రం సంగతి ఈ జిల్లాకు ఒకరు చెప్పనక్కరలేదు. 1937లో స్థాపించిన బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఒకనాడు ఆసియా ఖండంలోనే పేరు మోసినది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యానికి మారి, 2015 డిసెంబరులో మూతపడింది. కారణాలు అనేకం కావచ్చు. కాని ఫలితం ఒకటే: చెరకు లేనిదే గానుగ తిరగదు, గానుగ తిరగనిదే రైతు చెరకు నాటడు. ఆ పొలాలు వరికి మళ్లినవి. ఫ్యాక్టరీ పునరుద్ధరణకు రాష్ట్ర ప్రభుత్వం 2024 జనవరిలో మంత్రివర్గ సంఘం వేసినప్పుడు చెరకు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నే ముందు నిలిచింది.

ఓడ ఆయుష్షు సుమారు పాతికేళ్లు. అందుకే ఓడ యజమానులు బోధన్ పొరపాటు చేయకుండా రెండు మేతలు తినే ఇంజన్ కట్టించుకుంటున్నారు. 2025లో మెర్స్క్ కంపెనీ తన మిథనాల్ ఓడలో ఇథనాల్ కలిపి కూడా పరీక్షించింది. కాకినాడలో హరిత అమ్మోనియా కర్మాగారం తలపెట్టారు. దానినీ ఓడ ఇంధనంగా వాడవచ్చునన్న ఆశ ఉన్నది. చెరకు మడ్డి, మొక్కజొన్న, నూకల నుంచి తీసే ఇథనాల్ ఓడల దాకా పోతే ఈ జిల్లాకు మేలే. కాని అది పరీక్ష దశలోని సంగతి. దానిని నమ్ముకొని నేటి బేరాలు చేయలేరు. ఓడవాడు తన దారులు తెరిచి ఉంచుకున్నట్లే సరుకుదారు కూడా ఒప్పందంలో తన దారి తెరిచి ఉంచుకోవాలి.

చేయవలసినది

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. దూరపు వాయిదా అమ్మకాలలో సరుకు ధర, మూల కిరాయి, ఇంధన చార్జీ, పొగ చార్జీ నాలుగూ వేర్వేరు పద్దులుగా వ్రాయాలి. ఏ తేదీ నాటి చార్జీ పట్టిక వర్తిస్తుందో పేర్కొనాలి. ఒప్పందం నాటి చార్జీ కంటే పెరిగితే కొన్నవారు, తగ్గితే ఆ తగ్గుదల కూడా కొన్నవారికే చెందేటట్లు షరతు పెట్టాలి. అప్పుడు అమ్మేవాడు అనుమానంతో అదనంగా కోత వేసుకోనవసరం ఉండదు. ఎఫ్.ఓ.బి. పద్ధతిన అమ్మగలిగినవారు అలాగే అమ్మడం మేలు. కొనేవాడు కిరాయి చూసుకొని తక్కువ ధర అడగవచ్చు; అయినా ఆ తగ్గింపు ఎంతో బేరం రోజునే కంటికి కనిపిస్తుంది. ముందు కనిపించే నష్టాన్ని వర్తకుడు భరించగలడు, మూడు నెలల తరువాత కాగితంపై వచ్చే నష్టాన్ని భరించడం కష్టం.

పసుపు బోర్డు చేయగలిగిన పని కూడా ఒకటున్నది. నవా షెవా నుంచి దుబాయి, రోటర్‌డాం, న్యూయార్కులకు కంటెయినర్ కిరాయి, దానిపై చార్జీలు ఎంత ఉన్నవో వారానికొకసారి గంజ్‌లో ప్రకటించే ఏర్పాటు చేయవచ్చు. 2016లోనే ఇ-నామ్ పద్ధతికి వచ్చిన మార్కెట్ ఇది. వాయిదా మార్కెట్‌లో పసుపు ధరకు నిజామాబాద్‌నే ఆధార కేంద్రంగా తీసుకుంటున్నారు. కొమ్ము ధర, మండ ధర పలకపై చూపినట్లే ఓడ కిరాయి చూపడం అసాధ్యమేమీ కాదు. లెక్క అందరికీ తెలిసిననాడు అడ్తిదారు రైతుకు సూటిగా జవాబు చెప్పగలడు, రైతు కూడా నమ్ముతాడు.

ఓడలు గ్యాస్‌తో నడిచినా, నూనెతో నడిచినా, రేపు ఇథనాల్‌తో నడిచినా అది ఓడ కంపెనీల ఇష్టం. ఆ ఇష్టానికి అయ్యే ఖర్చు ఏ పద్దులో, ఎవరి పేరు మీద పడాలన్నది మాత్రం సరుకు అమ్మేవారు ముందే తేల్చుకోవలసిన విషయం. కొత్త పసుపు గంజ్‌కు రాక మునుపే ఎగుమతిదారులు, ఖరీదుదారులు కూర్చొని ఒప్పందం కాగితాన్ని సవరించుకుంటే, సీజన్ మధ్యలో రైతుతో వాదులాటకు తావుండదు.